సీసం పోయింది, ఫియట్ మిగిలింది

ఢిల్లీ పరిసరాలలో ఏళ్ల తరబడి ఒకేచోట కదలక నిలిచిన వస్తువులు రెండే ఉన్నాయని మా అమ్మ అంటూ ఉండేది. ఒకటి కుతుబ్ మీనారు, రెండవది మా నోయిడా ఇంటి షెడ్డులోని ఫియట్ కారు. కుతుబ్ మీనారు ఇప్పటికీ అక్కడే ఉన్నది. కారు మాత్రం ఇరవై ఏడేళ్ల తరువాత, మొన్నటి చలికాలంలో, పదకొండు అడుగులు ముందుకు జరిగింది. ఆ పదకొండు అడుగుల కథే ఈసారి శీర్షికకు విషయం. మాటల గురించీ అనువాదాల గురించీ వ్రాసుకునే మనిషి కార్బురేటర్ల జోలికి పోవడం సాహసమే. అయితే ఈ కథ మొదలైనది కూడా ఒక మాట దగ్గరే కనుక పాఠకులు మన్నించగలరని నమ్మకం.

ఆ మాట సీసం. తెలుగువారికి సీసమంటే ముందు పద్యం జ్ఞాపకం వస్తుంది, తరువాతే లోహం. హిందీలో ఆ లోహాన్ని ‘సీసా’ అంటారు. 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో సీసం లేని పెట్రోలు అమ్మకానికి వచ్చింది. పొగను శుభ్రపరిచే కెటాలిటిక్ కన్వర్టరు అమర్చిన కొత్త కార్ల కోసం తెచ్చిన పెట్రోలు అది. సీసం తగిలితే ఆ పరికరం పూత పట్టి పనికిరాకుండా పోతుంది. బంకులో ‘సీసా రహిత్’ అన్న హిందీ అక్షరాలు చూసి మా నాన్నగారు, “సీసా లేకుండా ఎలా పోస్తారమ్మా, దోసిట్లో పోస్తారా?” అని నవ్వారు. అప్పుడు నేను హైస్కూలులో ఉన్నాను. ఆ నవ్వు మూడేళ్లకు మించి నిలవలేదు.

తెనాలి నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వ లెక్కల శాఖలో చేరిన నాన్నగారు 1983లో, పదవీ విరమణ చేసి వెళ్లిపోతున్న ఒక అధికారి వద్ద ఆ కారును కొన్నారు. 1974 నాటి బండి. బొంబాయి కుర్లాలో తయారైన ఆ మోడలుకు ఆ ఏటి నుంచి కంపెనీ పెట్టిన పేరు ప్రీమియర్ పద్మిని. ఆ పేరు కాగితాలలోనే ఉండిపోయింది. మా ఇంట్లోనూ వీధిలోనూ అది ఫియట్టే. నాలుగు సిలిండర్ల 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందు సీటులో ముగ్గురు ఇరుక్కుని కూర్చునే వీలు. మే నెలలో ఆగ్రా వెళుతుంటే దారిలో పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలోని పెట్రోలు ఆవిరై, బండి నిలిచిపోయేది. నాన్నగారు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసేవారు. పది నిమిషాలలో బండి మళ్లీ కదిలేది. ఆ తడి తువ్వాలును అందించే ఉద్యోగం నాది.

ఢిల్లీ వాహనాల పొగ గురించి న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యంలో, 1998 జూలై 28న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. నగరం చుట్టుపక్కల ప్రాంతంలో 1999 జనవరి నుంచి, దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి అదే జరిగింది. మా ఇల్లు నోయిడాలో కనుక మాకు నాలుగు నెలల గడువు అదనంగా చిక్కింది. అప్పట్లో మా బండి చూసే మిస్త్రీ నాన్నగారితో, “ఈ కొత్త పెట్రోలు పోస్తే ఆరు నెలల్లో వాల్వులను తినేస్తుంది సాబ్” అని చెప్పాడట. నాన్నగారు లెక్కల మనిషి. ఎవరి శాఖ విషయంలో వారి మాటే తుది మాట అన్నది ఆయన నియమం. డిసెంబరు ఆఖరి వారంలో ఆఖరి సీసం పెట్రోలుతో ట్యాంకు నిండా నింపి, కారును షెడ్డులో పెట్టి, బ్యాటరీ తీసి, టార్పాలిను కప్పారు. “ఏదైనా శుభకార్యానికి వాడుకుందాం” అన్నారు. ఏడేళ్లకు నా పెళ్లి వచ్చింది. బయటికి తీయబోతే బండి స్టార్టు కాలేదు. నా అప్పగింతలు అద్దె కారులో జరిగాయి.

మిస్త్రీ చెప్పినది ఉత్త పుకారని ఇప్పటికీ అనలేను. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క ఎగ్జాస్టు వాల్వు నిమిషానికి 1500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మండిన వాయువుల సెగకు కాగిన వాల్వు అంచు తన ఇనుప పీఠం మీద పడినప్పుడల్లా రెండు లోహాలూ సూదిమొనంత చోట అతుక్కుంటాయి. తెరుచుకునేటప్పుడు ఆ అతుకు తెగి పీఠం నుంచి రవ్వంత లోహం ఊడివస్తుంది. పెట్రోలులోని సీసం మండినప్పుడు పలుచని పూతగా మారి ఆ రెంటి మధ్యా చేరి అతుకు పడనివ్వదు. ఇది ఎవరూ తలపెట్టి చేసిన ఏర్పాటు కాదు. సీసాన్ని కలిపింది పెట్రోలు వేళకు ముందే భగ్గుమని ఇంజను కొట్టుకోకుండా ఉండటానికి. వాల్వులకు రక్ష దొరకడం అనుకోని లాభం. సీసం లేకపోతే పీఠం అరిగి, వాల్వు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది.

అయితే ఇది జరగడానికి వేడి, వేగం, బరువు మూడూ ఎడతెగకుండా కలిసిరావాలి. యూరపు రాజమార్గాల మీద గంటల తరబడి పూర్తి వేగంతో పోయే పాత కార్లకు ఈ భయం నిజమైనదే. మధుర రోడ్డు మీద ఎద్దుబండి వెనుకా లారీ వెనుకా నడిచిన మన కార్లకు ఆ యోగం ఎక్కడిది? పైగా అన్ని ఇంజన్లూ ఒకటి కావు. పాత అంబాసిడర్ 1489 సి.సి. ఇంజనులో హెడ్డు మొత్తం పోత ఇనుము; వాల్వు పీఠాన్ని ఆ ఇనుములోనే చెక్కారు. ఫియట్ హెడ్డు అల్యూమినియం. ఆ మెత్తని లోహం వాల్వు దెబ్బలకు ఆగదు కనుక పీఠాలుగా వేరే లోహపు వలయాలను బిగించారు. అవి అరగవని కాదు; అరిగినా వాటిని తీసి గట్టివి వేసుకోవచ్చు. బొంబాయి టాక్సీలను చూడండి. ఆ నగరంలో నలుపు పసుపు రంగుల పద్మినులు సీసం పోయిన తరువాత కూడా రెండు దశాబ్దాలు తిరిగాయి. వాటిలో ఎన్నో సి.ఎన్.జి.తో నడిచాయి, ఆ గ్యాసులో సీసం ఊసే లేదు. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరై, ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరు చివరిలో రోడ్డు దిగిపోయింది. దానిని దింపినది చట్టమే, వాల్వులు కావు.

ఆ పాత మిస్త్రీ ఇప్పుడు లేడు. షాపు కొడుకు చేతికి వచ్చింది. అతడు టార్పాలిను తొలగించి, తండ్రి జోస్యం విని, కొంతసేపు మౌనంగా ఉండి, “మా అబ్బా ఆ మాట అంబాసిడర్ల గురించి అని ఉంటారు మేడం. అప్పుడు షాపులో అన్నీ అవే” అన్నాడు. ఒకరి మాట ఇంకొకరికి చేరేటప్పుడు ఏది జారిపోతుందో వెదకడం నా వృత్తి. ఇంట్లోనే ఇరవై ఏడేళ్లుగా ఒక కర్తృపదం లోపించిన వాక్యం ఉన్నదని నాకు తోచలేదు.

అసలు అపకారం చేసింది, కారును కాపాడుతుందని నాన్నగారు నింపిపెట్టిన పెట్రోలే. పెట్రోలు నిలవ ఉండే సరుకు కాదు. తేలికపాటి భాగాలు కొన్ని నెలలలోనే ఆవిరైపోతాయి. మిగిలినది గాలిలోని ఆక్సిజనుతో కలిసి జిగురవుతుంది. ట్యాంకు అడుగున దొరికినది రెండు మూడు లీటర్ల ముదురు గోధుమ రంగు ద్రవం. పెట్రోలు వాసన లేదు, పాత బీరువాకు వేసే వార్నిషు వాసన వచ్చింది. కార్బురేటరులోని సన్నని రంధ్రాలన్నీ ఆ జిగురుతో పూడిపోయాయి. ట్యాంకు పై భాగమంతా లోపల తుప్పు.

షాపులో పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ ద్రవాన్ని ఒక బేసినులో పట్టి, నట్లూ బోల్టులూ అందులో వేసి, మోచేతుల దాకా ముంచి కడగసాగాడు. నేను కేక వేశాను. అతడు ఉలిక్కిపడ్డాడు. నా కేకకు కారణం బేసిను కాదు, వందేళ్ల క్రిందటి ఒక దృశ్యం.

పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను కొట్టుకోదని 1921 డిసెంబరులో కనుగొన్నవాడు జనరల్ మోటార్సు పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ పట్టణంలో దాని అమ్మకం మొదలైంది. సరుకుకు పెట్టిన పేరు ‘ఎథిల్’. లెడ్ అనే మాటను ఆ పేరులోకి రానివ్వలేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో ఆ ద్రవంతో పనిచేసిన అయిదుగురు కార్మికులు మతి చలించి మరణించారు. ఆ నెలాఖరున మిడ్జ్‌లీ విలేకరుల ఎదుట ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, ఒక నిమిషంపాటు దాని ఆవిరి పీల్చి, ఏమీ కాదని చూపించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన సీసపు విషానికి గురై, పని మాని విశ్రాంతి తీసుకున్న మనిషి. మా బేసినులోనిది అంత గాఢమైన సరుకు కాదు. ఢిల్లీ వంటి నగరాలలో 1994లోనే సీసాన్ని లీటరుకు 0.15 గ్రాములకు తగ్గించారు. కాని ఆవిరైపోయేది పెట్రోలు, అడుగున నిలిచిపోయేది మిగిలినదంతా. ఆ రాసాయనం చర్మం గుండా లోపలికి పోగలదు. కుర్రాడి చేత సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించి, తొడుగులు తెప్పించాము. ద్రవాన్ని డబ్బాలో పోసి మూత బిగించి, ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునే లైసెన్సు ఉన్నవారికి అప్పగించాను. దానిని మురుగుకాలువలో పోయరాదు, మంట పెట్టరాదు. పాత కార్లు ఉన్న పాఠకులు ఈ ఒక్క సంగతి మరువకుండా ఉంటే చాలు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నాకు పెట్రోలు వాసన ఇష్టం. బంకులో అద్దం దించి పీల్చేదాన్ని. 1999లో వెలువడిన జార్జి ఫౌండేషన్ సర్వేలో ఢిల్లీ, హైదరాబాదు మొదలైన నగరాల పిల్లలలో సగానికి పైగా రక్తంలో సీసం ఆనాటి ప్రమాణాన్ని మించి ఉన్నదని తేలింది. చిన్న మెదళ్ల ఎదుగుదలను, చదువును, ఓర్పును అది దెబ్బతీస్తుంది. వాల్వు పీఠం మీద పూతగా నిలిచినది రవ్వంత. తక్కినది సైలెన్సరు గుండా వీధిలోకి, అక్కడి నుంచి మాలోకి పోయింది. ప్రపంచంలో కార్లకు సీసం పెట్రోలు అమ్మిన ఆఖరి దేశం అల్జీరియా. అక్కడా 2021 జూలైతో ఆగింది. ఆ 1998 ఆదేశం నాన్నగారి కారును నిలిపివేసిందని నేను కాలేజీ రోజులలో కోర్టును తిట్టుకున్న మాట నిజం.

ఇక పని సంగతి. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనుకు వెంటనే బ్యాటరీ తగిలించి తిప్పరాదు. రింగులు పట్టేసి ఉంటే ఏదో ఒకటి విరుగుతుంది. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి, వారం రోజులు వదిలేశాము. తరువాత కారును టాప్ గేరులో పెట్టి, ఇద్దరు మెల్లగా నెట్టారు. మొదట కదలలేదు. మూడవ రోజున మూలిగి తిరిగింది. ట్యాంకును దింపి తుప్పు గీకించాము. బ్రేకు సిలిండర్లు నాలుగూ పట్టేశాయి. అవీ, రబ్బర్లూ కాశ్మీరీ గేటులో వెదికి తెచ్చాడు. ఇంజను కంటే ముందు బ్రేకులు బాగుపడాలన్నది అతని పట్టుదల, అది నాకు నచ్చింది. ట్యాపెట్ల సందు కొలిచి ఒక పుస్తకంలో వ్రాసి పెట్టమన్నాడు. వాల్వు లోపలికి దిగితే ఆ సందు తగ్గుతూ వస్తుంది. అది మారనంతకాలం సీసం లేదని దిగులు పడనక్కరలేదు. దానికి బదులుగా పెట్రోలులో కలిపే సీసాలు బజారులో ఉన్నాయి, పొటాషియం, మాంగనీసు వంటివి వాటిలో ఉంటాయి. ఇనుప హెడ్డు బండిని దూరాలు పరుగెత్తించేవారికి అవి అక్కరకు వస్తాయేమో. మాకు అవసరం కనబడలేదు.

దిగులు పడవలసినది మరొకటి ఉన్నది. నేడు బంకులో దొరికే పెట్రోలులో సీసం లేదు, కాని అయిదో వంతు ఎథనాల్ ఉన్నది. దేశంలో 2003లో 5 శాతంతో మొదలైన ఈ మిశ్రమం 2022లో 10కి, 2025లో 20కి చేరింది. మిడ్జ్‌లీ ఆ రోజులలోనే ఆల్కహాలును కూడా పరీక్షించి, ఇంజను కొట్టుకోకుండా చేస్తుందని మెచ్చుకున్నాడు. కాని ఎవరైనా కాచుకోగల సారాయికి పేటెంటు ఎలా దొరుకుతుంది? అప్పుడు సీసం చేతిలో ఓడిన ఆల్కహాలే నూరేళ్లకు తిరిగి వచ్చి మా షెడ్డు తలుపు తట్టింది.

ఊపిరితిత్తులకు ఇది సీసమంత శత్రువు కాదు. పాత కారు రబ్బరుకు మాత్రం శత్రువే. 1974 నాటి గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ ఎథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, చిట్లుతాయి. గొట్టం చిట్లితే పెట్రోలు కారేది కాగిన ఇంజను మీదనే. కొన్ని పాత విలాయతీ కార్ల కార్బురేటర్లలో లక్క పూత పూసిన బెండు తేలుడు ఉండేది. లక్క ఆల్కహాలులో కరుగుతుందని మన వడ్రంగులందరికీ తెలిసినదే. ఎథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పాత జిగురునూ తుప్పునూ కదిలించి ఫిల్టరు మూస్తుంది. దాని బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే కనుక పాత కార్బురేటరు కొలత ప్రకారం మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ఎథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కొత్త డయాఫ్రమ్ వేయించి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసి సరిచేసుకున్నాము. ఇంధన ఖర్చు కొంత పెరగక తప్పదు. ఈ మిశ్రమం కోసం తయారు కాని కార్లకు 6, 7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021 నాటి ప్రభుత్వ నిపుణుల నివేదికే చెప్పింది. పాత బండ్ల రక్షణకు 10 శాతం మిశ్రమాన్ని కూడా అందుబాటులో ఉంచాలని అదే నివేదిక సూచించింది. ఆ సూచనను పాటించి ఉంటే బాగుండేది.

చట్టం సంగతి వేరు. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారు తిరగరాదన్న 2014 నాటి హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. 2025లో వచ్చిన సడలింపు చివరకు బి.ఎస్.-4, ఆ పై వాహనాలకే దక్కింది. మా ఫియట్ పుట్టిననాటికి ఆ అక్షరాలే లేవు. దానికి మిగిలిన దారి 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన వింటేజి నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికి పదేళ్ల రిజిస్ట్రేషను, 20,000 రూపాయల రుసుము. నిత్యం తిరగడానికి వీలులేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కవచ్చు. 1964 నుంచి ఢిల్లీలో జరుగుతూ వచ్చిన స్టేట్స్‌మన్ వింటేజి ర్యాలీని నాన్నగారు ఏటా ఫుట్‌పాత్ మీద నిలబడి చూసేవారు. కాగితాలు పెట్టాము.

కారు కదిలిన రోజు జనవరిలో ఒక ఆదివారం. పొగమంచు పదకొండు గంటలకు విడిచింది. ఎనభై మూడేళ్ల నాన్నగారిని ముందు సీటులో కూర్చోబెట్టాము. ట్యాంకులో మూడు లీటర్లే పోయించాను, పని కాగానే తీసేయాలన్న ఉద్దేశంతో. నాన్నగారికి అది నచ్చలేదు.

“ట్యాంకు నింపకుండా బండి తీస్తారా?”

“నిలవ ఉంచకూడదట నాన్నా. పాడైపోతుందట.”

“ఎవరు చెప్పారు?”

“మిస్త్రీ కొడుకు.”

ఆయన మరి మాట్లాడలేదు. వాల్వుల సంగతి, అంబాసిడర్ల సంగతి వారం ముందే చెప్పాను. అప్పుడూ ఏమీ అనలేదు, ట్యాపెట్ల పుస్తకం అడిగి తెప్పించుకుని అంకెలు రెండుసార్లు చూసుకున్నారు. నాలుగవ ప్రయత్నంలో ఇంజను అందుకుంది. మొదట నల్లని పొగ, తరువాత తెల్లని పొగ, ఆపైన ఆ పాత గొంతు. బ్రేకు వదిలితే కారు షెడ్డులోంచి గేటు దాకా, పదకొండు అడుగులు, నడిచింది. గేటు అవతల రోడ్డు. కాగితాలు ఇంకా రాలేదు కనుక అక్కడే ఆగాము.

“పంపు మీద తడిగుడ్డ వేశావా?” అని అడిగారు నాన్నగారు.

“చలికాలం నాన్నా.”

“అయినా దగ్గర పెట్టుకో.”

లోపలికి వెళ్లి తువ్వాలు తడిపి, పిండి, తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను.